పంటి వరుసకు ‘లంగరు’ స్క్రూ

తిరుపతి: ఎత్తుపళ్లు లోపలికి పోతాయన్న ఆశతో నాలుగు మంచి పళ్లు తీయించుకుని, రెండేళ్లపాటు క్లిప్పులు వేసుకున్నా ముందు పళ్లు అనుకున్నంత వెనక్కి రాలేదని వాపోయేవారు ఉంటారు. తీసిన పళ్ల ఖాళీ మాత్రం పూడిపోయి ఉంటుంది. ఆ జాగా ఎటు పోయింది? వెనకనున్న దవడ పళ్లు ముందుకు జరిగి అందులో కొంత ఆక్రమించుకుంటాయి. ఈ నష్టాన్ని అరికట్టేందుకే పళ్ల వరుసను సరిచేసే ఆర్థోడాంటిస్టులు చిగురు గుండా ఎముకలోకి చిన్న టైటానియం స్క్రూలను బిగిస్తున్నారు. వీటినే మినీస్క్రూలంటారు.

పడవ.. గుంజ

పులికాట్ సరస్సులో రెండు పడవలను తాడుతో కలిపి, ఒకదానిలో నిలబడి రెండోదాన్ని లాగితే రెండూ కదిలి దగ్గరవుతాయి. అదే తాడును ఒడ్డున పాతిన గుంజకు కట్టి లాగితే పడవ ఒక్కటే కదులుతుంది. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందన్న న్యూటన్ మూడో సూత్రం నోటిలోనూ తప్పదు. ముందు పళ్లను వెనక్కి లాగే స్ప్రింగు రెండో కొసను దవడ పంటికి తగిలిస్తే, ఆ పన్నుపైనా అంతే బలం ముందుకు పడుతుంది. మూడు వేర్లున్న పై దవడ పన్ను గట్టిదే గానీ కదలనిది కాదు. తీసిన పంటి ఖాళీ సుమారు 7 మిల్లీమీటర్లు. అందులో 2, 3 మిల్లీమీటర్లు దవడ పన్ను తినేస్తే ముందు పళ్లకు మిగిలేది ఎంత? పూర్వం దీనికి విరుగుడుగా తల చుట్టూ పట్టీ కట్టే హెడ్‌గేర్ ఇచ్చేవారు. కాలేజీకి వెళ్లే పిల్లలు దాన్ని గంటల తరబడి ధరిస్తారనుకోవడం అత్యాశే.

పన్ను ఎముకలో మేకులా దిగబడి ఉండదు. వేరుకూ ఎముకకూ నడుమ పలుచని పొర ఉంటుంది. బలం పడినప్పుడు ఒత్తిడి వైపు ఎముక కరుగుతుంది, ఎదుటి వైపు కొత్త ఎముక పేరుకుంటుంది. అలా నెలకు సుమారు ఒక మిల్లీమీటరు నడుస్తుంది. పుత్తూరు కట్టు ఎరిగిన ఈ ప్రాంతవాసులకు ఇది తిరగేసిన వ్యవహారంలా తోచవచ్చు. అక్కడ ఎముక అతుక్కునేందుకు కదలిక ఆపుతారు, ఇక్కడ ఎముకను కరిగించి, పుట్టించి పన్నును నడిపిస్తారు. స్క్రూ చుట్టూ ఆ పొర లేదు కనుక అది పంటిలా నడవదు. అయితే లాగుడుకు కొందరిలో కాస్త వాలుతుందని 2004లో తైవాన్ పరిశోధకులు చూపారు. అందుకే వేరుకు మరీ చేరువగా దించరు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1945లోనే అమెరికాలో కుక్కల దవడల్లో లోహపు స్క్రూలు బిగించి చూశారు, అవి నిలవలేదు. 1983లో క్రీక్‌మోర్, ఎక్లండ్‌లు ఒక రోగికి ముక్కు కింది ఎముకలో స్క్రూ బిగించి ముందు పళ్లను పైకి లాగగలిగారు. 1997లో జపాన్ వైద్యుడు కనోమి 1.2 మిల్లీమీటర్ల మందం గల చిన్న స్క్రూతో చేసిన చికిత్సను ప్రకటించాక, కొరియా వైద్యుల కృషితో ఇది ప్రపంచమంతటా వ్యాపించింది.

ఎలా బిగిస్తారు?

స్క్రూ మందం 1.2 నుంచి 2 మిల్లీమీటర్లు, పొడవు 6 నుంచి 12 మిల్లీమీటర్లు. ఎక్కువగా పై దవడలో రెండో చిన్న దవడ పన్నుకూ మొదటి పెద్ద దవడ పన్నుకూ మధ్య బిగిస్తారు. ఎక్స్‌రేలో వేర్ల నడుమ చోటు చూసి, మత్తు సూది వేసి, చేతి స్క్రూడ్రైవరుతో నిమిషాల్లో పని ముగిస్తారు. కట్టుడు పన్ను కోసం వేసే ఇంప్లాంటుతో దీన్ని పోల్చి భయపడనక్కర్లేదు. అది ఎముకతో ఏకమై శాశ్వతంగా ఉండాలి. ఇది బిగువు వల్లనే నిలుస్తుంది, పని తీరాక తిప్పి తీసేస్తారు. 150 నుంచి 200 గ్రాముల మేర లాగుడును భరిస్తే చాలు.

వదులైతే ఆగవద్దు

నూటికి సుమారు 13 స్క్రూలు గడువుకు ముందే వదులవుతాయని 2012లో ప్రచురితమైన సమీక్ష తేల్చింది. కింది దవడలో ఈ బెడద ఎక్కువ. చుట్టూ అన్నం మెతుకులు చేరి చిగురు వాచినా, పొగతాగే అలవాటున్నా నిలవడం కష్టం. మెత్తని బ్రష్‌తో స్క్రూ తలను రోజూ శుభ్రం చేయాలి. పలమనేరు, సత్యవేడు వంటి చోట్ల నుంచి నెలకోసారి బస్సెక్కి వచ్చేవారు స్క్రూ కదులుతుంటే తరువాతి తేదీ దాకా ఆగకుండా వైద్యునికి ఫోన్ చేయడం మేలు. వేరుకు తగిలిన స్వల్ప గాయం స్క్రూ తీసేస్తే సాధారణంగా మానుతుంది.

క్లిప్పులు వేసే అందరికీ ఇవి అవసరం లేదు. పళ్లు కాస్త వంకరగా ఉన్నవారికి అదనపు ఖర్చు దండగే. ఎముక పూర్తిగా గట్టిపడని చిన్న పిల్లలకు సాధారణంగా వాడరు. పళ్లు తీయించుకునే ముందే దవడ పళ్లు జరగకుండా ఏం చేస్తారని వైద్యుని అడగాలి. సమాధానం స్క్రూ కానక్కర్లేదు గానీ ఏదో ఒకటి ఉండాలి. ఈ విభాగంలో బీడీఎస్ తరువాత మూడేళ్ల ఎండీఎస్ చదివినవారే నిపుణులు. తిరుపతిలో రేణిగుంట రోడ్డులోని సి.కె.ఎస్. తేజ దంతవైద్య కళాశాల ఉండగా, చిత్తూరు వాసులు పక్కనున్న వేలూరుకు వెళ్లడమూ పరిపాటే.

స్క్రూ తీసిన చోట చిగురు కొద్ది రోజుల్లో పూడుకుంటుంది. క్లిప్పులు విప్పాక మాత్రం రిటైనరు మానకూడదు. పళ్లు పాత చోటుకు తిరిగి వెళ్లాలని చూస్తాయి, అప్పటికి లాగి పట్టుకునే గుంజ ఉండదు.