తగ్గిన బరువు తిరిగి పెరగకుండా శారీరక శ్రమ

హైదరాబాద్: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం, పురుషుల్లో 32.3 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం కలవారుగా నమోదయ్యారు. దేశ సగటు వరుసగా 24, 22.9 శాతం.

నడక ఒక్కటే బరువును తగ్గిస్తుందన్న అపోహ ప్రజల్లో బలంగా ఉంది. 60 కిలోల వ్యక్తి అరగంట చురుకుగా నడిస్తే ఖర్చయ్యే శక్తి సుమారు 120 కేలరీలు. నడక ముగించి బషీర్‌బాగ్ కూడలిలో ఇరానీ చాయ్‌తో రెండు ఉస్మానియా బిస్కట్లు సేవిస్తే, అంత శక్తీ, బహుశా అంతకు మించి, తిరిగి చేరుతుంది. కనుక బరువు తగ్గించేది ప్రధానంగా ఆహార నియంత్రణే. తగ్గిన బరువును నిలబెట్టడంలోనే శారీరక శ్రమ అసలు ప్రయోజనం. బరువు తగ్గే కొద్దీ శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది. ఆ లోటును దైనందిన శ్రమ పూడుస్తుంది. తూకంలో మార్పు కనిపించకున్నా పొట్ట చుట్టూ కొవ్వు తగ్గడానికి, రక్తంలో చక్కెర అదుపునకు అది తోడ్పడుతుంది. ఈ మేలును తూకపు యంత్రం చూపదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామాన్ని సూచించింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలోనూ శారీరక శ్రమకు స్థానం లభించింది.

బషీర్‌బాగ్, నారాయణగూడ, చిక్కడపల్లి కార్యాలయాలలో పగలంతా కుర్చీలకే పరిమితమయ్యే ఉద్యోగులకు ఇందిరా పార్కు చేరువలోనే ఉంది. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు గలవారు వైద్యుని సలహా పొందిన పిదపే వ్యాయామం ప్రారంభించాలి.