మూత్రమార్గ అవరోధము

మూత్రపిండాలలో తయారైన మూత్రము శరీరము వెలుపలికి వచ్చే దారిలో అడ్డంకి ఏర్పడి, దాని ప్రవాహము తగ్గడాన్ని లేదా పూర్తిగా ఆగిపోవడాన్ని మూత్రమార్గ అవరోధము అంటారు. సకాలములో తొలగిస్తే మూత్రపిండము చాలావరకు కోలుకుంటుంది. ఆలస్యమైతే శాశ్వతముగా పాడవుతుంది.

కారణాలు

మూత్రపిండము నుండి మూత్రాశయానికి మూత్రాన్ని చేర్చే గొట్టము మూత్రనాళము. మూత్రాశయము నుండి వెలుపలికి తెచ్చేది ప్రసేకము. మూత్రనాళములో రాయి ఇరుక్కోవడం సాధారణ కారణము. వయసు మళ్ళిన పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ప్రసేకాన్ని నొక్కుతుంది. స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వ్యాపించి మూత్రనాళాలను మూసివేయవచ్చు. కొందరు మగశిశువులకు ప్రసేకములో పుట్టుకతోనే అడ్డుపొరలు ఉంటాయి.

మూత్రాశయముపై ప్రభావము

అడ్డంకి మూత్రాశయానికి దిగువన ఉంటే, దాని గోడలోని కండరము మరింత బలముగా సంకోచించి మూత్రాన్ని నెట్టవలసి వస్తుంది. అందువలన ఆ కండరము మందమవుతుంది. కొంతకాలానికి అది అలసి సాగిపోతుంది. అప్పుడు మూత్రము పూర్తిగా ఖాళీ కాక లోపల నిలిచిపోతుంది. నిలిచిన మూత్రములో సూక్ష్మజీవులు పెరుగుతాయి, రాళ్ళు ఏర్పడతాయి. మూత్రాశయము ఎప్పుడూ నిండి ఉండి, మూత్రము తెలియకుండానే చుక్కలుగా కారవచ్చు.

మూత్రపిండాలపై ప్రభావము

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో అధిక భాగాన్ని తిరిగి రక్తములోకి పంపుతాయి. సుమారు ఒకటిన్నర లీటర్లు మాత్రమే మూత్రముగా వెలువడుతుంది. ఈ వడపోతకు రక్తపీడనమే ఆధారము. దారి మూసుకుపోయినప్పుడు వెనుకకు మళ్ళిన మూత్రపు ఒత్తిడి దానిని ఎదిరించి వడపోతను తగ్గిస్తుంది. మూత్రపిండము లోపలి గదులు ఉబ్బుతాయి. ఈ స్థితిని హైడ్రోనెఫ్రోసిస్ అంటారు. క్రమముగా రక్తప్రసరణ తగ్గి, కణజాలము పలుచబడి, పనిచేయని మచ్చగా మారుతుంది.

మూత్రము వస్తున్నంత మాత్రాన అవరోధము లేదని భావించరాదు. పాక్షిక అవరోధములో మూత్రాన్ని చిక్కబరచే శక్తి దెబ్బతిని, మూత్రము మామూలు కంటే ఎక్కువగా కూడా రావచ్చు. ఒక మూత్రపిండము మాత్రమే దెబ్బతిన్నప్పుడు రెండవది ఆ భారాన్ని మోస్తుంది కనుక రక్తములో క్రియాటినిన్ దాదాపు మామూలుగానే ఉండవచ్చు. రాయి హఠాత్తుగా అడ్డుపడితే తీవ్రమైన నొప్పి కలుగుతుంది, కాని నెమ్మదిగా పెరిగే అవరోధము నొప్పి లేకుండానే మూత్రపిండాన్ని నాశనము చేయగలదు.

నిర్ధారణ, చికిత్స

అల్ట్రాసౌండ్ పరీక్షలో మూత్రపిండపు ఉబ్బు, మూత్రాశయములో మిగిలిన మూత్రము తెలుస్తాయి. ప్రసేకములో అడ్డంకి ఉంటే క్యాథెటర్ ద్వారా మూత్రాన్ని తీస్తారు. మూత్రనాళములో ఉంటే స్టెంట్ అమర్చుతారు, లేదా వీపు వైపు నుండి మూత్రపిండములోకి గొట్టము వేస్తారు. ఆ తరువాత అసలు కారణానికి చికిత్స చేస్తారు. అడ్డంకి తొలగిన వెంటనే కొందరిలో మూత్రము అధికముగా పోయి, శరీరములో నీరు, లవణాలు తగ్గిపోవచ్చు. అందువలన రోగిని కనిపెట్టి ఉండాలి.

అవరోధముతో పాటు చలిజ్వరము ఉంటే అది అత్యవసర పరిస్థితి. అడ్డంకి వెనుక చేరిన సూక్ష్మజీవులు రక్తములోకి వ్యాపించి ప్రాణాపాయము కలిగించవచ్చు. అటువంటప్పుడు మందులు మాత్రమే చాలవు, మూత్రానికి వెంటనే దారి కల్పించాలి.