చేతిలోని రూక చెల్లని వేళ

తెలుగువాడు ధనమునకు పెట్టుకొన్న పేర్లలో అనేకము నాణెముల పేర్లే. రూక, కాసు, మాడ, వరహా మొదలగునవన్నియు ఒకప్పుడు అరచేతిలో గలగలలాడినవే. ‘డబ్బు’ అను మాట సైతము పూర్వము ఒక చిన్న రాగినాణెమునకు పేరు. ఆ నాణెము పోయినది. పేరు మాత్రము సమస్త ధనమునకు నిలిచినది. ‘కానీకి కొరగాడు’ అని ఒకనిని తూలనాడినను, ‘పదహారణాల తెలుగువాడు’ అని మరియొకనిని మెచ్చుకొన్నను, కాలము చేసిన నాణెములే నానుడులలో ఇంకను చెల్లుబడి యగుచున్నవి. నానుడిలో చెల్లినంత సుఖముగా నాణెము అంగడిలో చెల్లునా అన్నది వేరు ప్రశ్న. లేనివాని బాధ లోకమునకు తెలిసినదే. చేతిలో ధనముండియు చెల్లించలేక వెనుదిరుగువాని బాధ అంతకంటె చిత్రమైనది. దానికి జాలిపడువారు గూడ అరుదు.

రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఎల్లంతకుంట ఒక మండల కేంద్రము. వరి పండించువారు, మగ్గమును నమ్ముకొన్నవారు, బీడీలు చుట్టువారు, గల్ఫు దేశముల నుండి కొడుకులు పంపు పైకమునకై ఎదురుచూచువారు ఈ ప్రాంతపు పల్లెలందంతటను కలరు. ఇట్టి మండల కేంద్రమునకు పింఛను కొరకు వచ్చిన ఒక అవ్వను ఊహించుకొనుడు. ఏండ్ల తరబడి ఆకు కత్తిరించి బీడీలు చుట్టుటచే ఆమె వ్రేళ్ళ గీతలు అరిగినవి. యంత్రము ఆ వ్రేలిని గుర్తింపదు. “ఏలు వడ్తలేదు అవ్వా, జర తుడుచుకొని మళ్ళ పెట్టు” అని పిల్లవాడు చెప్పును. నాలుగవ పర్యాయమునకు యంత్రము కనికరించును. చేతికి నాలుగు అయిదువందల నోట్లు వచ్చును. ఆమె కిరాణా కొట్టునకు పోయి పావుకిలో పప్పు, ఉప్పు పొట్లము అడుగును.

“ఐదు నూర్లకు చిల్లర యాడ తేవాలె అవ్వా? ఫోన్ల కొట్టరాదు!”

“ఫోను నా కొడుకు తాననే ఉన్నది బిడ్డా. కొడుకు దుబాయిల ఉన్నడు.”

“అయితే ఉద్దెర రాసుకుంట, మళ్ళియ్యి.”

కొంగున రెండు వేల రూపాయలు ముడివేసికొని యుండియు ఆ అవ్వ అప్పుపడి ఇల్లు చేరును. ఆమెకు పేరు పెట్టవలసిన పని లేదు. ప్రతి ఊరును ఆమె ఊరే.

రెండు సిక్కాల రాజ్యము

ఈ నేల నాణెమునకు క్రొత్త కాదు. జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డున నున్న కోటిలింగాలలో గోబద, సమగోప మొదలగు శాతవాహన పూర్వపు రాజుల నాణెములును, తొలి శాతవాహనుడైన సిముకుని నాణెములును లభించినవి. రెండువేల యేండ్లకు పూర్వమే ఇచ్చట లోహముపై రాజు పేరు ముద్రించి విలువ కట్టిరన్నమాట. విలువ కట్టు అధికారము రాజుది. ఆ విలువను అంగడిలో నిలుపుకొను శ్రమ మాత్రము నాటినుండి నేటిదాక ప్రజలదే.

నిజాము పాలనలో ఈ శ్రమ రెట్టింపైనది. హైదరాబాదు రాజ్యమునకు సొంత నాణెము కలదు. దానిని హాలీ సిక్కా యనిరి. బ్రిటిషు ఇండియా రూపాయికి కల్దారు అని పేరు. 1918లో హైదరాబాదు ప్రభుత్వము కాగితపు నోట్లను గూడ వెలువరించినది. వానిపై ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులును ఉండెను. నోటుపై తన లిపి చదువుకొని సంతోషించిన తెలుగువాడు రాజ్యపు ఎల్ల దాటగానే ఆ నోటు చెల్లదని తెలిసికొనెడివాడు.

ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సమానము. వినుటకు సులభమైన లెక్కయే. కాని నూరు కల్దారులు కావలెనన్న 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ చెల్లింపవలెను. ఒక్క హాలీ రూపాయి మార్చుకొన్నచో 13 అణాల 8 పైసలును, ఆ పైన పైసలో సగమునకు మించిన తునుకయు రావలెను. ఆ తునుక ఎవనిది? షోలాపురము, భివండీ మగ్గములపై కల్దారులు సంపాదించి ఇల్లు చేరిన సిరిసిల్ల నేతగాడు గణితజ్ఞుడు కాడు. మారకము చేయు షాహుకారు తన కూలిగా ‘బట్టా’ పట్టుకొని మిగిలినది చేతిలో పెట్టెడివాడు. శుభకార్యములందు నూటపదహార్లు చదివించు ఆచారము ఈ మారకపు లెక్కనుండియే పుట్టినదని చెప్పుకొను కథ యొకటి తెలంగాణమున వినవచ్చుచుండును. కథ నిజమైనను కాకున్నను, మారకపు లెక్క జనుల మనస్సులలో ఎంతగా నాటుకొన్నదో అది తెలుపుచున్నది.

1950లో భారత ప్రభుత్వపు రూపాయి హైదరాబాదు రాష్ట్రమున ప్రవేశించినది. హాలీ సిక్కా క్రమముగా తెరమరుగై ఆ దశకాంతమునకు పూర్తిగా రద్దయినది. ఆ నడుమ కాలమున బేరము ఏ రూపాయలలో ఆడితిమో ముందుగా తేల్చుకొనని కొనుగోలుదారునకు తగవు తప్పెడిది కాదు.

అణాకు ఆరు పైసలు

రెండు సిక్కాల చిక్కు తీరకమునుపే మరియొక చిక్కు వచ్చినది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు అమలులోనికి వచ్చి, రూపాయికి పదునారణాలు పోయి నూరు నయాపైసలైనవి. శాస్త్రము ననుసరించి అణాకు ఆరుంబావు నయాపైసలు. కాని పావు పైస నాణెము లేదు. కావున మారకపు పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని నిర్ణయించిరి.

బడిపిల్లలకు చక్కని లెక్క ఇందులో నున్నది. నాలుగణాల సరకు ఒక్కసారిగా కొన్నవాని పావలాకు 25 పైసలు లెక్క. ఆ నాలుగణాలనే అణా చొప్పున నాలుగుమారులు ఖర్చు చేసినవానికి నాలుగు ఆరులు ఇరువదినాలుగే. ఒక పైస ఎక్కడనో జారిపోయినది. ఉప్పునకొక అణా, నూనెకొక అణా వెచ్చించు బీదవాని చేతినుండియే అది జారినది. మూట కట్టి కొనువానికి ఆ నష్టము లేదు. ఎవరును మోసము చేయలేదు. పట్టిక తప్పును కాదు. చిన్న చేతికి పెద్ద బట్టా అను నియమము మాత్రము మరియొకమారు నెగ్గినది.

ఇరువది ఎనిమిది దినముల జిల్లా

2016 అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినది. నవంబరు 8వ తేదీ రాత్రి అయిదువందల, వేయి రూపాయల నోట్లు చెల్లవని ప్రధానమంత్రి ప్రకటించునాటికి ఆ జిల్లా వయస్సు ఇరువది ఎనిమిది దినములు. దేశమున చలామణిలోనున్న నోట్ల విలువలో నూటికి సుమారు 86 వంతులు ఒక్క రాత్రిలో చెల్లనివైనవి. బదులుగా మొదట వచ్చినది రెండువేల రూపాయల నోటు. వంద నోట్ల కొరత తీవ్రముగా నున్న ఆ దినములలో దానిని మార్చుట కష్టమైపోయినది. వరుసలో నిలబడి సంపాదించిన నోటుతో కూర నాలుగు కట్టలు కొనజాలని స్థితి. ఆ రెండువేల నోటును గూడ చలామణి నుండి ఉపసంహరించుచున్నట్లు రిజర్వు బ్యాంకు 2023 మే 19న ప్రకటించినది.

అదే సమయమున రొక్కము లేని గ్రామములను నెలకొల్పు ఉత్సాహము చెలరేగినది. పొరుగున సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూర్ 2016 డిసెంబరులో నగదురహిత గ్రామముగా ప్రకటింపబడి దేశమంతట పేరొందినది. చిన్న చిన్న కొట్లలో గూడ కార్డు యంత్రములు వెలసినవి. అయితే యంత్రమునకు నెలనెలా అద్దె చెల్లింపవలసివచ్చుటతో వర్తకులు వానిని విడిచి మరల రొక్కమునకే మరలినట్లు తరువాతి యేండ్లలో పత్రికలు వ్రాసినవి. పది రూపాయల బెల్లము అమ్మువానికి మిగులునది ఎంత, యంత్రమునకు పెట్టవలసినది ఎంత అను కూడిక తీసివేత ఉత్సాహముకంటె బలమైనది.

కార్డునకు కారణములు వేయి

కార్డు, ఫోను చెల్లింపులు చేసిన మేలును కాదనరాదు. ఏ ఊరి యంత్రమైనను ఏ బ్యాంకు కార్డునైనను అంగీకరించుటకు వీలు కల్పించిన జాతీయ వ్యవస్థను 2004లో రూపొందించినది హైదరాబాదులోని బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థయే. ఒకనాడు సైఫాబాదు టంకసాలలో హాలీ రూపాయిలు పోతపోసిన నగరము కంటికి కనబడని రూపాయికి గూడ బాట వేసినది. 2016లో యూపీఐ వచ్చినది. 2020 జనవరి నుండి ఆ చెల్లింపులపైనను, రూపే డెబిటు కార్డులపైనను వర్తకుడు బ్యాంకునకు రుసుము చెల్లింపనక్కరలేదు. నేడు తోపుడుబండి మీది జామపండ్లకు సైతము ఫోనుతో వెల చెల్లుచున్నది.

అయినను చిక్కులు చిక్కులే. సిగ్నలు ఉండదు, ఉన్నచో సర్వరు పని చేయదు, రెండును ఉన్నప్పుడు ఫోనులో ఛార్జింగు ఉండదు. ఖాతాలో పైకము తరిగినట్లు సందేశము వచ్చును, కొట్టువానికి మాత్రము అందదు. కొందరు వర్తకులు కార్డు గీకినచో నూటికి రెండు రూపాయలు అధికమందురు. పాత బట్టాకు ఇది క్రొత్త వేషము. ఇక ఏటీఎములలో నెలకు తన బ్యాంకు వద్ద అయిదు, పట్టణేతర ప్రాంతములలో ఇతర బ్యాంకుల వద్ద అయిదు లావాదేవీలు ఉచితము. అవి దాటినచో 2025 మే నుండి ఒక్కొక్కదానికి 23 రూపాయల వరకు రుసుము పడును, పన్ను అదనము. పదివేలు తీసికొన్నవానికి ఆ రుసుము నూటికి పావలాకంటె తక్కువ. అయిదువందలు తీసికొన్నవానికి నూటికి నాలుగు రూపాయల అరువది పైసలు. అణా లెక్కను గుర్తుంచుకొన్న విద్యార్థికి ఈ లెక్కను వేరుగా చెప్పనక్కరలేదు.

చట్టమేమనుచున్నది?

రొక్కముతో గూడ ఇదే పేచీ. పదిరూపాయల నాణెము తెలుగునాట అనేక తావుల అకారణముగా వెలివేయబడినది. దానిపై గీతలు పది ఉన్న మంచిదనియు, పదునైదున్న దొంగదనియు ఎవరో పుట్టించిన మాట ఊరూర తిరిగినది. పదునాలుగు రూపములలో వెలువడిన ఆ నాణెములన్నియు చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న స్పష్టముగా ప్రకటించినది. 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము రూపాయి మొదలు ఆ పై నాణెములు ఒక చెల్లింపులో వేయి రూపాయల వరకు చట్టబద్ధముగా చెల్లును. పావలా, అంతకు లోపలి నాణెములకు మాత్రము 2011 జూన్ 30తో ఋణము తీరినది.

పోయిన పైకమునకు గూడ గడువు కలదు. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు చేసిన ఏర్పాటు ననుసరించి, ఏటీఎములో నోట్లు రాకయే ఖాతాలో సొమ్ము తరిగినచో అయిదు దినములలోపల తిరిగి జమ కావలెను. దుకాణమున కార్డుతోగాని యూపీఐతోగాని చెల్లించినది వర్తకునకు ముట్టకున్నను అదే గడువు. మనిషినుండి మనిషికి యూపీఐ ద్వారా పంపినది చేరకున్నచో ఒక్క దినమే. గడువు దాటిన ప్రతి దినమునకును ఖాతాదారునకు నూరు రూపాయల పరిహారము ముట్టవలెను. ఈ సంగతి తెలిసినవాడు గట్టిగా అడుగును; తెలియనివాడు ఖర్మమనుకొని ఊరకుండును.

రొక్కమును నిరాకరించు దేశములు గూడ పునరాలోచించుచున్నవి. కార్డులకు బాగుగా అలవాటుపడిన నార్వే దేశము, దుకాణములలో రొక్కముతో చెల్లించు కొనుగోలుదారుని హక్కును 2024 అక్టోబరు నుండి చట్టముచే బలపరచినది. ముసలివారు, యంత్రములు చేతగానివారు అచ్చటను కలరు గదా!

పదహారు రూపాయల శుభము

కొన్ని చిక్కులు చిల్లరగనే తీరుచున్నవి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితమైనందున, చిల్లర బాకీని టికెట్టు వెనుక వ్రాయించుకొని దిగువేళ కండక్టరును వెదకు పాట్లు వారికి తప్పినవి. మరికొన్ని చిక్కులు మేలుతో కలసియే పుట్టును. బీడీ కార్మికుల పింఛను 2019లో వేయి రూపాయల నుండి 2,016 రూపాయలకు పెరిగినది. మనవారికి పదహారు శుభసంఖ్య. కాని రొక్కమిచ్చు చోట ప్రతి మనిషికిని ఆ పదహారు రూపాయలు చిల్లరగా సిద్ధము చేసినగాని శుభము పూర్తి కాదు. అవ్వ చేతికి నాలుగు నోట్లే వచ్చినవని మొదట చెప్పుకొన్నాము. పదహారు రూపాయల మాట ఆమె అడుగలేదు. అడుగవచ్చునని ఆమెకు చెప్పినవారు లేరు.

షాహుకారు బట్టా, దశాంశపు పట్టిక, రద్దయిన నోటు, ఏటీఎము రుసుము వేరువేరు కాలములవి. వీనిని చేసినవారి ఉద్దేశములును వేరు, కొన్ని మంచివే. ధనము రూపు మార్చుకొన్నప్పుడెల్ల ఆ మార్పునకు కూలి చెల్లించినవారు మాత్రము ఒక్కరే. అణా చొప్పున బ్రదుకువారు ఆ కూలి చెల్లించిరి, చెల్లించుచున్నారు. రూపాయి లోహమైనను, కాగితమైనను, ఫోనులోని అంకె యైనను, దాని విలువకు పరీక్ష బ్యాంకులో లేదు. అరిగిన వ్రేళ్ళతో కొంగుముడి విప్పు అవ్వ దానితో పావుకిలో పప్పు కొనగలదా లేదా అన్నదే పరీక్ష.

ఈ లెక్కలు బడిలో ఒక గంట చెప్పదగినవి. పాఠము విన్న పిల్లవాడు సాయంకాలము ఇల్లు చేరి, నాయనమ్మ కొంగు ముడిలోని పదిరూపాయల నాణెములను బయటికి తీసి “ఇవి చెల్లుతయ్ అవ్వా, ఎవడు కాదన్నడు?” అని ఆమె చేయి పట్టుకొని కొట్టుదాక నడచినచో, ఆ దినమునకు ఉద్దెర పుస్తకములో ఒక పద్దు తగ్గును.