ఐస్‌క్రీమ్‌ను వదిలించే స్కూపు

ఐస్‌క్రీమ్‌ను డబ్బాలోంచి తవ్వి తీయడం ఒక ఎత్తు, గరిటె నుంచి వదిలించడం మరో ఎత్తు. చల్లబడిన లోహం మీది తడి అక్కడికక్కడే గడ్డకట్టి ముద్దను పట్టేస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా దుకాణాల్లో ఒక చేత్తో గరిటె పట్టుకుని, ఇంకో చేత్తో చెంచాతో గీకి పళ్లెంలో పడేసేవారు. 1878లో పెన్సిల్వేనియా వాసి విలియం క్లూవెల్ గరాటు ఆకారపు స్కూపుకి పేటెంట్ తీసుకున్నాడు. కొసన ఉన్న చెవి తిప్పితే లోపలి రేకు గోడల్ని గీకేది. ముద్ద ఊడేది నిజమే గానీ, చెవి తిప్పడానికి మళ్లీ రెండో చెయ్యి కావాలి!

ఆ చేతికి సెలవిచ్చినవాడు ఆల్ఫ్రెడ్ క్రాల్. 1866లో వర్జీనియాలో పుట్టిన నల్లజాతీయుడు. తండ్రితో కలిసి వడ్రంగం చేశాడు. పిట్స్‌బర్గ్‌లో మందుల షాపులోనూ, హోటల్లోనూ పోర్టరుగా పనిచేస్తూ ఐస్‌క్రీమ్ వడ్డించేవాళ్ల అవస్థ చూశాడు. (అప్పట్లో అక్కడి మందుల షాపుల్లో సోడా, ఐస్‌క్రీమ్ అమ్మడం మామూలే.) పట్టుకున్న చేత్తోనే ముద్దను వదిలించే స్కూపుకి 1897 ఫిబ్రవరి 2న అతనికి పేటెంట్ వచ్చింది. పేరు నిలిచింది, డబ్బు మాత్రం పెద్దగా రాలేదు.

తర్వాత వచ్చిన అరగోళపు స్కూపుని దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. గిన్నె లోపలి వంపుకి అంటుకుని సన్నటి రేకు. బొటనవేలితో మీట నొక్కితే పళ్ల పట్టీ జరుగుతుంది, అది చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, చక్రంతోపాటు రేకు ఆ వైపు నుంచి ఈ వైపుకి ఊడ్చుకొస్తుంది. వేలు తీయగానే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. చాలావాటిలో ఆ రేకు మీదే ఒక అంకె ఉంటుంది: ఒక క్వార్టుకి, అంటే దాదాపు 946 మిల్లీలీటర్లకి, ఎన్ని ముద్దలొస్తాయో చెప్పే లెక్క. 8 అంటే పెద్ద ముద్ద, 16 అంటే అందులో సగం. అంకె పెరిగేకొద్దీ ముద్ద చిన్నదవుతుంది, యజమానికి సంతోషమే.

1930లలో ఒహాయోకి చెందిన షెర్మన్ కెల్లీ ఈ పళ్లూ స్ప్రింగులూ అన్నీ తీసేశాడు. ఫ్లోరిడాలో ఐస్‌క్రీమ్ తీసే అమ్మాయి చేతికి బొబ్బలు చూశాక అతనికి ఈ పని పట్టుకుందంటారు. అతని జీరోల్ స్కూపు అల్యూమినియంది; బోలుగా ఉన్న పిడిలో వేడిని మోసుకెళ్లే ద్రవం. అరచేతి వెచ్చదనం గిన్నెకి పాకి, ముద్ద అడుగున సన్నటి పొర కరుగుతుంది. ఇక గీకాల్సిన పనేముంది?

అయినా మీట స్కూపు మూలపడలేదు. మెత్తగా మెదిపిన బంగాళాదుంపనీ, అన్నాన్నీ సమానంగా వడ్డించడానికి క్యాంటీన్లు దాన్నే వాడుతున్నాయి. కరగడానికి మంచే లేనిచోట కెల్లీ ఉపాయం పారదు, ఊడ్చే రేకు ఉండాల్సిందే.