రెండు ఒడ్లున్నా వరద ఒక్కటే

మూసీ దక్షిణపు ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం, అవతలి ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో 1891లో ఆసఫియా పేరుతో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. ఒక పాత రాతప్రతిని స్కాన్ చేసి, ఆ ఫైలును రెండు చోట్లా దాచామనుకుందాం. నకళ్లు ఎన్ని? లెక్కకు రెండు. 1908 సెప్టెంబరు 28 నాటి వరద లెక్కలో మాత్రం ఒక్కటే. ఆ రోజు నది రెండు ఒడ్లనూ ముంచెత్తి సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకుంది. అసలుకు వచ్చిన ఆపద నకలును తాకకపోతేనే అది నకలు. కంప్యూటర్ నిల్వలకూ ఇదే కొలత.

స్టోరేజ్ అర్రే పదులకొద్దీ డిస్కులను ఒకే రాశిగా పోసి, అడిగినవారికి అడిగినంత కొలిచి ఇచ్చే యంత్రం. అలా కొలిచి ఇచ్చిన వాటానే వర్చువల్ డిస్క్. నిజానికి అది ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే. అందుకే టెరాబైట్ల డిస్కుకు కూడా కొన్ని సెకన్లలో ‘స్నాప్‌షాట్’ తీయవచ్చు. లాడ్‌బజార్ గాజుల దుకాణంలో ఒక ఖాతా పుస్తకం ఉందనుకోండి. పుస్తకమంతా తిరగరాయకుండా, ఏ పద్దును దిద్దబోతున్నా ముందు పాత అంకెను పక్క కాగితంపై రాసిపెడితే చాలు, నిన్నటి ఖాతాను ఎప్పుడైనా తిరిగి కట్టవచ్చు. స్నాప్‌షాట్ చాలావరకు ఇలాగే పనిచేస్తుంది. మారిన ముక్కలకే చోటు పడుతుంది. ఎవరో పొరపాటున ఫైలు చెరిపేస్తే, పొద్దుటి స్థితికి నిమిషాల్లో వెనక్కి వెళ్లవచ్చు.

ఇంత సుళువైనది ఉండగా వేరే బ్యాకప్ ఎందుకని అడగవచ్చు. పుస్తకమే కాలిపోతే పక్క కాగితంపై ఉన్న నాలుగు పాత అంకెలు దేనికి పనికొస్తాయి? మారని పద్దులన్నీ పుస్తకంలోనే ఉండిపోయాయి కదా. ఒక డిస్కు పాడైనా తట్టుకునే రెయిడ్ ఉందంటారా, అది డిస్కు చెడితే ఆదుకుంటుంది గానీ మనిషి తప్పుకు మందు కాదు. రాసిన ప్రతి మార్పునూ వెంటనే మరో అర్రేకు పంపే మిర్రరింగ్ అయితే, డబ్బు గుంజడానికి రాన్సమ్‌వేర్ తాళం వేసిన ఫైళ్లను కూడా అంతే నమ్మకంగా అక్కడికి చేరుస్తుంది. కనుక పూర్తి నకలు ఒకటి దూరంగా, వెంటనే మార్చడానికి వీల్లేకుండా ఉండాలి.

దూరానికి ధర ఉంది. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి దాదాపు 500 కిలోమీటర్ల దూరంలోని పుణెకు పోయి రావడానికి కనీసం 5 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి రాతకూ అంతసేపు ఆగితే పని నత్తనడక అవుతుంది. అందుకే దూరపు నకలును కాస్త ఆలస్యంగా పంపుతారు. ప్రమాదం జరిగితే చివరి కొద్ది నిమిషాల పని పోవచ్చు. ఖర్చు మాటకు వస్తే, మొదటి నకలే బరువు, తర్వాత మారిన ముక్కలు పంపితే సరిపోతుంది. ఆ ఖర్చు మానుకున్నందుకు ఏం పోతుందో 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా చూసింది. దేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. మరీ పెద్దదన్న కారణంతో బయట నకలు తీయని ‘జీ డ్రైవ్’ అనే ప్రభుత్వ ఫైళ్ల నిల్వ 858 టెరాబైట్లతో కాలిపోయింది. అదే రాత్రి ఇక్కడ మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చాయి. నూట పదిహేడేళ్లు గడిచినా నది తన దారి మరవలేదు.

దూరాన ఉన్న నకలు తెరుచుకుంటుందో లేదో మరో ప్రశ్న. అప్పుడప్పుడు దాన్నుంచి ఒక వర్చువల్ డిస్కును వేరే యంత్రంపై నిలబెట్టి, ఆ రాతప్రతిలో ఒక పుట తెరిచి చదవాలి. అక్షరాలు కనబడితేనే లెక్క రెండు.