ముప్పది యేండ్ల జపాను కారు బేరము

సంతలో ఎద్దును కొనుట మీకు వెన్నతో పెట్టిన విద్య. పండ్లు చూతురు, నాలుగడుగులు నడిపింతురు, సుడులు వెదకుదురు. కొమ్ములు చెక్కించి నూనె రాచి తెచ్చిన యెద్దును మరింత జాగ్రత్తగా పరీక్షింతురు. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. వ్యాకరణము, కావ్యములు చదివితిని గాని బేరములు నాకు తెలియవు. అయినను క్రిందటి యేడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున మా మేనల్లుని యింట నుండగా, ఒక పాత జపాను కారు బేరమునకు నేనును వెంట వెళ్లవలసివచ్చినది. అక్కడ నేను చూచినదియు నేర్చినదియు నేడు మీకు మనవి చేసెదను.

ఒకనాటి సాయంకాలము మా వాడు ఒక ప్రకటన చదివి వినిపించెను. 1992వ సంవత్సరపు నిస్సాను స్కైలైను జి.టి.-ఆర్. కారు; జపాను నుండి దిగుమతియైనది; మార్పులు చేయబడినది; వెల 48 వేల డాలర్లు. వాని చేతనున్న సొమ్ము ఇల్లు కొనుటకై ఆరేండ్లుగా కూడబెట్టినది. "మామయ్యా, చిన్ననాటినుండి ఈ కారు మీదనే నా మనసు. మీరొకమారు వచ్చి చూడండి" అనెను. చెల్లెలు ఫోనులో నాతో వేరుగా, "అన్నయ్యా, ఎట్లయినను మాన్పించు" అనెను. ఇరువురి నడుమ నా స్థితి మీరే యూహించుకొనుడు.

ముందుగా ఆ కారెట్టిదో చెప్పవలెను. రెండే తలుపులు గలిగి, వెనుక కూర్చుండుటకు ఇరుకైన చోటుండి, వేగమునకై కట్టిన యిట్టి బండిని కూపే యందురు. స్కైలైను అనగా దిగంతరేఖ యని చెప్పవచ్చును. ఈ పేరుగల బండ్లు జపానులో 1957 నుండి కలవు. నేను చెప్పుచున్న జి.టి.-ఆర్. రకము 1989లో వెలువడినది; 1994 వరకు దాదాపు 44 వేల బండ్లు తయారైనవి. ఇంజనులో ఆరు సిలిండర్లు ఒకే వరుసలో నుండును; వాని మొత్తము పరిమాణము 2,568 ఘన సెంటీమీటర్లు. శక్తి నాలుగు చక్రములకును పోగలదు. దీనిని పందెముల కొరకే కట్టిరి. జపానులో 1990 నుండి 1993 వరకు జరిగిన టూరింగు కార్ల పందెములలో 29కి 29యు ఇదియే గెలిచినది. ఆస్ట్రేలియాలోని బాథర్‌స్టు పందెమును 1991లోను 1992లోను గెలిచినది. అచ్చటి పత్రికలవారు దీనికి జపాను సినిమాలలోని రాక్షసజంతువు పేర గాడ్జిల్లా యని బిరుదమిచ్చిరి.

ఇంతటి యింజనునకు కంపెనీవారు ప్రకటించిన శక్తి 280 అశ్వబలములు మాత్రమే. ఆ దినములలో జపాను కంపెనీలవారు అంతకు మించి ప్రకటింపరాదని తమలో తామొక మాట చేసికొనిరి. ఆ కట్టుబాటు 2004 వరకు సాగినది. పందెములలో అంతకు మించి మోయుటకు కట్టిన యింజనును అమ్మునప్పుడు ముకుతాడు వేసి అమ్మిరన్నమాట. కొన్న యువకులు ఊరకుందురా? ఆ ముకుతాడు విప్పుటయే మార్పులకు మొదలు.

ఆ మార్పు ఎట్టిదో కొంచెము వివరించెదను. ఇంజనునుండి వెలువడు పొగ వేగముగా పోవును గదా. ఆ దారిలో ఒక చిన్న చక్రమునుంచిన, పొగ దానిని త్రిప్పును. దాని యిరుసు రెండవ కొసనున్న మరియొక చక్రము బయటిగాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి నెట్టును. దీనినే టర్బో యందురు. కమ్మరి కొలిమితిత్తిని గాలియే త్రిప్పి, ఆ తిత్తి తిరిగి కొలిమికే గాలి నిచ్చినట్లు. ఈ కారునకు అట్టివి రెండు కలవు. కంపెనీవారు పొగవైపు చక్రమును ఇనుముతో గాక, పింగాణిజాతి పదార్థముతో చేసిరి. తేలికగా నుండుటచే త్వరగా తిరుగును. కాని గాలి యొత్తిడి హద్దుమీరి పెంచినచో ఆ చక్రము ఇరుసునుండి విడిపోవును. తెలిసిన పనివాడు ఒత్తిడి పెంచుటకు ముందే ఉక్కుచక్రములు గల టర్బోలు వేయును. పెరిగిన గాలికి తగినంత పెట్రోలు పోవునట్లు ఇంజనును నడపు ఎలక్ట్రానిక్ పెట్టెను సరిదిద్దును. తెలియనివాడు గాలి మాత్రము పెంచి చేతులు దులుపుకొనును. పెట్రోలు చాలక సిలిండరులో మంట అకాలమున విరుచుకుపడి పిస్టను చిట్లును. ఇది బయటికి కనబడదు. బండి ఎప్పటివలెనే గర్జించుచు నడచుచుండును.

ఇట్టి కారు అమెరికాకు ఎట్లు వచ్చినదని మీరడుగవచ్చును. ఆ దేశపు రక్షణ నిబంధనలకు సరిపడని బండిని తెచ్చుటకు 1988 నాటి చట్టము అడ్డుపడును. అయితే తయారై 25 సంవత్సరములు నిండిన బండికి ఆ నిబంధనలు వర్తింపవు. కనుక 1989లో తయారైన జి.టి.-ఆర్. 2014లోను, 1992 నాటిది 2017లోను అక్కడ కాలు పెట్టుటకు అర్హత పొందినవి. స్టీరింగు మనకువలె కుడివైపున నుండును. కుడివైపున బండ్లు నడుపు ఆ దేశమున ముందుబండిని దాటవలెనన్నచో ప్రక్కవాని కన్నులు అరువు తెచ్చుకొనవలెను.

ఆదివారము ఉదయము అమ్మకందారు ఇంటికి పోతిమి. మర్యాదస్తుడు, కాఫీ యిచ్చెను. బండి ముదురునీలి రంగున నిగనిగలాడుచుండెను. కొత్త చక్రములు, నేలను తాకునంత దించిన పీట, వెనుక పెద్ద పొగగొట్టము. మా వాని ముఖము చూచి వెల యికమీద తగ్గదని నాకు తోచినది.

మా వానికి తెలిసిన మెకానికు ఒకడు మావెంట వచ్చెను. అతడు మొదట ఇంజనుగదిలోని పలకమీద సంఖ్య చదివెను. నిజమైన జి.టి.-ఆర్. సంఖ్య బి.ఎన్.ఆర్. 32 అని మొదలగును. అదే తరములో తక్కువ వెలకు అమ్మిన స్కైలైనుకు హెచ్.సి.ఆర్. 32 అని యుండును, దానికి జి.టి.-ఆర్. రెక్కలు, బాడీ తొడిగి అమ్మువారు కలరట. ఇది నిజమైనదే. తరువాత వెనుక చక్రములపై వంపులు, తలుపుల క్రింది గడపలు తట్టి చూచెను. జపాను ఉత్తరభాగమున మంచుకాలమందు బాటలపై ఉప్పు చల్లుదురు. ఆ యుప్పు అచ్చటనే తినును. అక్కడను దోషము లేదు. జపాను వేలములో బండికిచ్చిన పరీక్షాపత్రమును చూపించెను. అందులో కారు బొమ్మ గీసి, ఎక్కడ గీత పడినది, ఎక్కడ సొట్ట తీసినది అక్షరములతో గుర్తులిడి, తిరిగిన కిలోమీటర్లు వ్రాయుదురు. ఇంత నిజాయతీగా పశువులసంతలో ఎవరైన చీటి వ్రాసిరా?

అప్పుడు నాకొక సందేహము కలిగినది. తాళపత్రగ్రంథమును పరిష్కరించునప్పుడు ఎవరో నడుమ చేర్చిన పద్యములుండును. చేర్చినది మంచిదైనను, ఎవరు ఎప్పుడు చేర్చిరో, తీసివేసిన మూలపాఠమేదో తెలియనిదే మేము నమ్మము. ఆ యలవాటు చేత నేనడిగితిని: "అయ్యా, ఈ టర్బోలు ఎవరు మార్చిరి? తీసివేసిన పాతవి ఎక్కడ?" మా వాడు దానిని ఇంగ్లీషున చెప్పెను. ఆయన కొంతసేపు ఊరకుండి, తాను కొన్ననాటికే మార్చియుండెననియు, పాతసామాను లేదనియు, ఎవరు చేసిరో కాగితము లేదనియు చెప్పెను. చెడ్డవాడు కాడు, తెలియనివాడు.

మెకానికు స్పార్కుప్లగ్గులు విప్పి ఒక్కొక్క సిలిండరు ఒత్తిడిని కొలిచెను. ఆరును దాదాపు సమానముగా నుండవలెను. అయిదు 150కి అటునిటుగా నుండెను. ఆరవది 105. అతడు రెండవమారు కొలిచెను, అంతియే. "ఇంజను విప్పక తప్పదు. ఎంత ఖర్చగునో విప్పినగాని చెప్పలేను" అనెను.

అమ్మకందారు మూడు వేల డాలర్లు తగ్గింతుననెను. మా వాడు తలుపుమీద చేయి వేసి చాలసేపు నిలుచుండెను. నేను మాటాడలేదు, చెల్లెలి మాట తలపునకు వచ్చినను నోరు మెదపలేదు. ఆ కుఱ్ఱవాడు ఆరేండ్లు కూడబెట్టినది వాని సొమ్ము గదా. తుదకు "వద్దు మామయ్యా, పోదము" అనెను. తిరుగుదారిలో ఒక్కమాటయు ఆడలేదు. ఇంటికి రాగానే చెల్లెలికి ఫోను చేసి చెప్పితిని, అది సంతోషించి, వెంటనే "పాపము, ఏడ్చినాడా?" యని అడిగినది.

రెండు వారములకు ఆ ప్రకటన తీసివేయబడినది. ఎవరో కొనిరి. నేను ఊరు చేరి చాల నెలలైనను, మా వాడు ఆదివారములందు ఫోను చేసి, కొత్తగా వచ్చిన ప్రకటన నొకదానిని చదివి వినిపించును. బండి రంగు, చక్రములు, వేగము చెప్పి ముగించి నేనడుగకమునుపే తానే, "తీసివేసిన సామాను పెట్టెలో నున్నదని వ్రాసినాడు మామయ్యా" యని గాని, "ఆ సంగతి వ్రాయలేదు" అని గాని చెప్పును.