పెట్టె చేసిన చేతులు

ప్రజాకళల మీద మనం రాసే వ్యాసాల్లో పాట ఉంటుంది, పాడినవాడుంటాడు. వాద్యం చేసినవాడు ఉండడు. ఈ లోపం ఎంత పెద్దదో మెదక్ పట్టణంలో హార్మోనియం బాగుచేసే ఒక పనివాడి ముందు కూచున్నప్పుడు నాకు తెలిసివచ్చింది.

ఆయన విప్పిపెట్టిన పెట్టె ఒక చిందు భాగవత మేళానిది. ఇత్తడి పలకకు సన్నటి నాలుక బిగించి ఉంటుంది. తిత్తి గాలికి అది కంపించి స్వరం పలుకుతుంది. 1829లో వియన్నాలో డెమియన్ పేటెంటు పొందిన అకార్డియన్‌కూ, 1842లో పారిస్‌లో దెబేన్ పేటెంటు పొందిన హార్మోనియానికీ ఇదే ఆధారం. యూరపులో కుర్చీలో కూచుని కాళ్లతో తొక్కి వాయించే ఆ వాద్యాన్ని, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో చేత్తో తిత్తి వేసే పెట్టెగా మార్చాడు. నేలమీద కూచునే మన కళాకారులకు అది అక్కరకొచ్చింది.

ఆకాశవాణి మాత్రం 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా సడలించలేదు. కదలని పన్నెండు స్వరాల మెట్ల మీద గమకం పలకదన్నది అభ్యంతరం. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ నిజం కచేరీ గదిది. ఊరి నడుమ, మైకు లేని రోజుల్లో, తెల్లవార్లూ ఆడుతూ పాడే చిందు కళాకారుడికి మద్దెల, తాళాల హోరులో తంబుర వినపడుతుందా? శ్రుతి నిలబెట్టింది ఈ పెట్టే. మద్దెలను బిగించి శ్రుతిలోకి తెచ్చుకోవచ్చు, డప్పును మంట దగ్గర కాచుకోవచ్చు. హార్మోనియం ఆట మధ్యలో మారదు. అందుకే మేళమంతా దాన్ని పట్టుకుని నడుస్తుంది.

అది మారేది పనివాడి బల్ల మీదే. నాలుక కొసను గీకితే స్వరం పైకి పోతుంది, మొదలును గీకితే కిందికి దిగుతుంది. ఆయన ఒకసారి గీకి, బిగించి, విని, మళ్లీ విప్పాడు. ఒక్క నాలుకకే ఎన్నిసార్లో! ఎక్కువ గీకితే అది విరుగుతుంది. ఈ కొలత ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన చెవిలో ఉంది. గుజరాత్‌లోని పాలితానా రీడ్లకు పేరుంది. వాటిని చేసినవాళ్లకు లేదు.

బ్యాటరీ కీబోర్డులు వచ్చాక పని తగ్గిందన్నాడాయన. కొడుకులకు నేర్పలేదట. "నేర్పి ఏం పెట్టాలె సారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సంస్కృతికి పునాది శ్రమ అని సభల్లో చెబుతున్నాం. చిందు, ఒగ్గు కథలను రికార్డు చేసుకొస్తున్నాం. ఆ రికార్డుల్లో వాద్యం ఎవరు చేశారు, ఎవరు బాగుచేశారు, ఎంత కూలి ముట్టింది అన్న మూడు ప్రశ్నలకు చోటు లేదు. ఆ చెవి పోయాక పాటను ఎంత భద్రంగా దాచినా, దాన్ని నిలబెట్టిన శ్రుతి మనకు దక్కదు.